బీపీ ఎగుడుదిగుళ్లు: క్లినిక్ కొలతా, ఇంటి మిషనా, 24 గంటల పట్టీనా? ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో క్లినిక్‌కి వెళ్తే 162/94. ఇంటికొచ్చి కాసేపు కూర్చుని చూసుకుంటే 132/82. మిషన్ పాడైందని చాలామంది అనుకుంటారు. నిజానికి రెండు కొలతలూ సరైనవే కావచ్చు. బీపీ గుండె కొట్టుకున్న ప్రతిసారీ కాస్త మారుతుంది. నిమిషం తేడాతో కొలిచినా పై అంకె 5, 10 అటూ ఇటూ కావడం మామూలే. కంగారు పడాల్సింది దానికి కాదు, రోజుల తరబడి ఒకే తీరున కనిపించే హెచ్చుతగ్గులకు. 2010లో ఆక్స్‌ఫర్డ్ నరాల వైద్యుడు పీటర్ రాత్వెల్ బృందం లాన్సెట్ వైద్య పత్రికలో చూపించింది ఇదే: సగటు ఎలా ఉన్నా, ఒక విజిట్‌కీ మరో విజిట్‌కీ పై అంకె బాగా ఊగేవాళ్లకు పక్షవాతం ముప్పు ఎక్కువ.

క్లినిక్ కొలతతో చిక్కేమిటంటే, అది ఒక్క క్షణానిది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి, మెట్లెక్కి, కూర్చున్న వెంటనే చొక్కా మీదే పట్టీ కట్టించుకుని, నర్సుతో మాట్లాడుతూ కొలిపించుకుంటే అంకె పెరగకుండా ఎలా ఉంటుంది? కొందరికి డాక్టరు ముందు మాత్రమే పెరుగుతుంది. ఇంకొందరికి అక్కడ బాగానే ఉండి ఇంట్లో, ఆఫీసులో పెరుగుతుంది. ఈ రెండో రకానికే భయపడాలి, ఎవరికీ అనుమానం రాదు కాబట్టి. అయినా మొదటిసారి రెండు చేతులకూ కొలవడం, నిలబెట్టి కొలవడం క్లినిక్‌లో జరగాల్సిన పనులే. లేచి నిలబడ్డ 3 నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే, రాత్రి బాత్రూముకి లేచిన పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంది. షుగరు ఉన్నవాళ్లకు ఇది తప్పక చూడాలి.

ఎక్కువమందికి నా ఓటు ఇంటి మిషన్‌కే. మణికట్టుకి పెట్టేది వద్దు, పై చేతికి కట్టేదే కొనండి. కొనేముందు మోచేతికీ భుజానికీ మధ్య చుట్టుకొలత టేపుతో చూసుకోండి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. కొలిచే ముందు అరగంట కాఫీ, సిగరెట్, నడక వద్దు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా 5 నిమిషాలు ఊరికే ఉండండి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్ల పైన, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి.

పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో నిమిషం విరామం. ఇలా 7 రోజులు. మొదటి రోజువి కొట్టేయండి. మిగిలిన 24 కొలతల సగటు 135/85 లేదా ఆపైన ఉంటే బీపీ ఉన్నట్టే లెక్క. క్లినిక్‌లో హద్దు 140/90. అయితే సగటు ఒక్కటే చూసి ఊరుకోకండి. పొద్దున్నవి 150 దగ్గర, సాయంత్రంవి 118 దగ్గర ఉంటే సగటు 134 వస్తుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అసలు సంగతి, మాత్ర పట్టు తెల్లారేదాకా ఉండకపోవచ్చు, లేదా గురకతో నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండవచ్చు. కాబట్టి పొద్దున, సాయంత్రం సగటులు విడిగా రాసి డాక్టరుకి చూపించండి. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు మాత్రం ఈ మిషన్ల అంకెలు అంత నమ్మకంగా ఉండవు.

ఇంటి మిషన్‌కి అందనిది నిద్ర. 24 గంటల పట్టీ పగలు 15 నుంచి 30 నిమిషాలకోసారి, రాత్రి ఇంకాస్త ఎడంగా దానంతటదే కొలుస్తుంది. నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. తగ్గకపోయినా, ఎదురు పెరిగినా గుండెకీ కిడ్నీలకీ మంచిది కాదు. 24 గంటల సగటుకు హద్దు 130/80, నిద్రలో 120/70. బెంగళూరులో ఒక జాగ్రత్త మరీ ముఖ్యం. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు తాము పడుకునే వేళలు టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి. లేకపోతే పని చేస్తున్న గంటలు రాత్రి లెక్కలో పడి, రిపోర్టు తలకిందులవుతుంది. పట్టీ బిగుసుకున్నప్పుడు నడక ఆపి చెయ్యి కదపకుండా ఉంచండి. ఆ రోజు బండి నడపొద్దు, స్నానం ముందే కానివ్వండి. పట్టీ నిద్ర చెడగొట్టే మాట నిజమే. అందుకే అందరికీ అక్కర్లేదు. క్లినిక్, ఇంటి అంకెలు పొసగనప్పుడు, మూడు మందులు వాడినా అదుపులోకి రానప్పుడు, షిఫ్టులు మారేవాళ్లకు, గురక ఉన్నవాళ్లకు ఇదే మేలు.

ఇంకొక హెచ్చుతగ్గు వాతావరణంతో వస్తుంది. డిసెంబరు చలిలో బీపీ కాస్త పెరుగుతుంది, మే ఎండలో తగ్గుతుంది. చలికాలంలో ఇక్కడ పెంచిన నీటి మాత్రే (మూత్రం ఎక్కువ పోయేలా చేసి బీపీ దించేది) వేసవిలో ఒంగోలు వెళ్లాక కళ్లు తిరిగేలా చేయొచ్చు. మాత్ర మీరే ఆపకండి, ఆ వారం లెక్కలు రాసి ఫోన్‌లో డాక్టరుకి పంపండి.

ఎప్పుడైనా 180/120 దాటితే 5 నిమిషాలు కూర్చుని మళ్లీ కొలవండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం, వీటిలో ఏదున్నా మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. త్వరగా దించుదామని నిఫెడిపిన్ అనే బీపీ మందు నాలుక కింద పెట్టొద్దు. బీపీ ఒక్కసారిగా పడితే మెదడుకి రక్తం అందదు.