ఆజాద్ వీసానా, కంపెనీ వీసానా?

ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ దిక్కు నుంచి సౌదీ పోదామనుకునే పిల్లలు నన్ను అడిగేది ఒకటే: కంపెనీ వీసాకు జీతం తక్కువ, ఆజాద్ వీసా మీదైతే నచ్చిన చోట చేసుకోవచ్చట, ఏది మేలు? పోయిన నెల మా తమ్ముడి కోసం నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఆజాద్ మీద పోయి బాగుపడ్డవాళ్లు ఉన్నారు. చేతిలో ఏసీ పనో, వెల్డింగో ఉండి, అక్కడ సొంతవాళ్లున్నవారు కంపెనీవాళ్లకంటే ఎక్కువే పంపుతారు. కానీ ఆ పేరుతో వీసా సౌదీ చట్టంలో లేదు. కాగితం మీద ఒక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని), పని ఇంకొకరి దగ్గర. పట్టుబడితే జరిమానా కట్టి ఇంటికి రావడమే.

నా దృష్టిలో జీతం కంటే ముందు చూడాల్సింది, అకామా (అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు) ఎవరు రెన్యూవల్ చేయిస్తారన్నది. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం ప్రకారం అకామా, వర్క్ పర్మిట్ ఖర్చులు యజమానివే. ఆజాద్‌లో అవి మన నెత్తినే పడతాయి. అకామాకే ఏడాదికి 650 రియాళ్లు, వర్క్ పర్మిట్‌కు చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లు, ఆపైన కఫీల్ అడిగినంత. ఇవ్వకపోతే హురూబ్, అంటే పని వదిలి పారిపోయాడని ఫిర్యాదు, పెడతాడు. అకామా ముగిస్తే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, ఇంటికి పైసలు పంపలేం.

తమ్ముడికి ఏజెంటు ‘కంపెనీ డ్రైవర్’ అని చెప్పాడు. వీసా కాగితం అరబీ వచ్చినాయనతో చదివిస్తే, వృత్తి దగ్గర ‘సాయక్ ఖాస్’ అని ఉంది. అంటే ఇంటి డ్రైవర్. ఆ కార్మిక చట్టం ఇంటి పనివాళ్లకు వర్తించదు. వాడు అప్పటికే మిర్చి మార్కెట్లో పని మానేశాడు, అమ్మ బ్యాగు కూడా కొన్నది. అయినా వద్దనుకున్నాం.

కంపెనీలో క్యాంపు బతుకు కష్టమే. కానీ 2021 మార్చి నుంచి ఏడాది నిండాక, ముందుగా నోటీసు ఇచ్చి, కఫీల్ ఒప్పుకోకపోయినా ఇంకో కంపెనీకి మారొచ్చు. ఆజాద్‌లో వెతుక్కునే స్వేచ్ఛ ఇక్కడ చట్టబద్ధంగానే దొరుకుతుంది. ఇంటి డ్రైవర్‌కు ఆ వీలు ఇవ్వలేదు.

 

ఏజెంటు లైసెన్సు మన ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో చూసుకోండి. అతను తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. పదో తరగతి పాస్ కానివాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశంలో పనికి పోవడానికి మన ప్రభుత్వ అనుమతి) లేకుండా కదలొద్దు. దాంతోపాటే 10 లక్షల బీమా వస్తుంది.

తమ్ముడికి ఇప్పుడు దొరికిన కంపెనీ జీతం ఆ ఏజెంటు చెప్పినదానికంటే 600 రియాళ్లు తక్కువ. కాంట్రాక్టులో కంపెనీ పేరు, వీసా మీద కఫీల్ పేరు ఒకటేనా అని ముగ్గురం కూర్చుని అక్షరం అక్షరం సరిచూశాం. హైదరాబాద్‌లో మెడికల్ అయింది, పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ కోసం చూస్తున్నాం.