వారం గోలీనా, సూదా, ఎండా? వెన్ను బిగిసేవాళ్లకు డి విటమిన్ ఏ దారిలో మేలు

అంకైలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నుపూసలు వాచి బిగిసిపోయే వాతం) అని తేలి, రక్తపరీక్షలో డి విటమిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపు వచ్చినవాళ్లు నల్లగొండలో అయినా పాలమూరులో అయినా అడిగేది ఇదే: వారానికొక 60,000 యూనిట్ల గోలీ మేలా, ఒక్కసారే 6 లక్షల యూనిట్ల సూది మేలా, ఎండలో కూర్చుంటే చాలదా?

డి విటమిన్ ఈ వాతాన్ని అణిచే మందు కాదు. ఆ పని నొప్పి గోలీలది, అవి చాలకుంటే వాపు పుట్టించే పదార్థాలను అడ్డుకునే బయోలాజిక్ సూదులది, రోజూ చేసే వ్యాయామానిది. డి కావలసింది ఎముక కోసం. ఈ జబ్బులో పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతూనే లోపల ఎముక గుల్లబారుతుంది. అలా బిగిసిన వెన్ను బాత్రూంలో కాలు జారినా విరగొచ్చు. కాబట్టి ఏ దారి పట్టినా చూడాల్సింది ఒకటే: డి స్థాయి నిలకడగా ఉంటుందా, లేక ఒక్కసారి ఎగసి పడిపోతుందా?

సూది ఇక్కడే వెనకబడుతుంది. కండలోంచి మందు రక్తంలోకి ఎప్పుడు, ఎంత దిగుతుందో మనిషి మనిషికీ మారుతుంది. ఒక్కసారే పెద్ద మోతాదు ఇవ్వడం నోటి ద్వారా అయినా మేలు చేయలేదు: ఆస్ట్రేలియాలో వృద్ధ మహిళలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు నోటి ద్వారా ఇచ్చి చూస్తే, తగ్గాల్సిన పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ పెరిగాయని 2010లో తేలింది. వెన్ను పెళుసుబారిన మనిషికి పడిపోవడమే అసలు గండం. క్రోన్స్ లాంటి పేగు జబ్బు కూడా ఉండి గోలీ ఒంటికి పట్టనివాళ్ల సంగతి వేరు, వాళ్లకు సూది అవసరపడొచ్చు.

మిగతావాళ్లకు వారం గోలీయే నయం. 8 వారాలు, వారంలో ఒకే రోజు పెట్టుకుని, మధ్యాహ్నం నెయ్యో నూనో పడిన అన్నం తిన్నాక వేసుకోవాలి. ఇది కొవ్వులో కరిగే విటమిన్, పరగడుపున మింగితే సరిగా పట్టదు. అందరూ చేసే పెద్ద తప్పు, వారం గోలీని రోజు గోలీ అనుకుని మింగడం. అప్పుడు రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం మొదలవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చీటీ మీద ‘ఆదివారం మాత్రమే’ అని రాయించుకోండి. కోర్సు అయ్యాక డాక్టరు చెప్పినట్టు రోజుకు 1,000 నుంచి 2,000 యూనిట్లు. 3 నెలలకు మళ్లీ పరీక్ష: 30 దాటితే చాలు, 100 దాటితే ఆపి డాక్టరును కలవాలి. కిడ్నీ రాళ్లున్నవాళ్లు మొదలుపెట్టకముందే చెప్పాలి.

ఎండ మంచిదే, కానీ వేళ ముఖ్యం. పొద్దున 6 గంటల నడక బిగిసిన నడుమును వదులు చేస్తుంది గానీ డి ఇవ్వదు. మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే చర్మంలో డి బాగా తయారవుతుంది. మే నెలలో తొమ్మిది దాటాక చాలు. చలికాలంలో పదకొండు నుంచి ఒకటిన్నర లోపు. చేతులు, కాళ్లు కప్పకుండా ఉండాలి, కిటికీ అద్దం వెనక కూర్చుంటే లాభం లేదు. వడగాడ్పుల రోజుల్లో మాత్రం సాహసం వద్దు.

తిండితోనే డి అంటే కష్టం. ఒక గుడ్డు సొనలో దాదాపు 40 యూనిట్లు, రోజుకు కావలసింది 600. తిండి అక్కరకొచ్చేది కాల్షియానికి. రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు కావాలి: అర లీటరు పాలూ పెరుగూ కలిపి 600, 50 గ్రాముల రాగిపిండి జావ 180, 20 గ్రాముల నువ్వులు సుమారు 260. జొన్నరొట్టె మానక్కర్లేదు, కానీ దాంట్లో కాల్షియం తక్కువ. ఇంత తినలేక గోలీ వేసుకుంటే, నొప్పి మందుతో పాటు గ్యాస్ గోలీ వాడేవాళ్లు కార్బొనేట్ కాకుండా సిట్రేట్ రకం అడగండి. కడుపులో ఆమ్లం తగ్గితే కార్బొనేట్ సరిగా కరగదు.

మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్లుగా బోరు నీళ్లు తాగినవాళ్లకు ఇంకో మాట. వెన్ను బిగియడం ఫ్లోరోసిస్ (నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే జబ్బు) వల్ల కూడా కావచ్చు, వెన్ను ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనబడొచ్చు. ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అడగండి. కాల్షియం, డి తక్కువైన ఒంటికి ఫ్లోరైడ్ మరింత చేటు. నీళ్లు కాచితే అది పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అందుకే తాగడానికే కాదు, వంటకు, జావకు కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండి.