ఇంగ్లండ్ అద్దె ఇంట్లో చెమ్మ లాగే యంత్రం: ఒక శీతాకాలం వాడాక

మావారి ఉద్యోగ ఒప్పందం రెండేళ్లే. అందుకే మాంచెస్టర్‌లోని ఈ అద్దె ఫ్లాటుకు ఏ వస్తువు కొనబోయినా, వెళ్లిపోయేటప్పుడు దీన్ని ఏమి చేస్తామన్న ఆలోచన ముందు వస్తుంది. మంచాలు, సోఫా, బీరువా అన్నీ యజమానివే. మా డబ్బుతో కొన్న కొద్ది వస్తువుల్లో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది డీహ్యూమిడిఫయర్. గాలిలోని చెమ్మను లాగి, నీళ్లుగా మార్చి, లోపలి తొట్టిలో నింపే యంత్రమిది. ఇంగ్లండుకు కొత్తగా వచ్చే ప్రతి కుటుంబానికీ మొదటి శీతాకాలానికి ముందే కొనుక్కోమని చెబుతాను.

ఇక్కడ డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. వాన లేకపోయినా ఆ చల్లగాలికి బట్టలు ఆరవు. కాబట్టి అందరూ ఇంట్లోనే, హీటర్ పక్కన స్టాండు పెట్టి ఆరేస్తారు. బట్టల్లోని నీళ్లన్నీ గదిలోకే వస్తాయి. అన్నం ఉడికిన ఆవిరి, వేడినీళ్ల స్నానం, నిద్రలో మన ఊపిరి, అన్నీ దానికి తోడు. వెచ్చటి గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు. చల్లటి అద్దాన్నో గోడనో తాకగానే దాన్ని వదిలేస్తుంది. తెల్లారేసరికి కిటికీ అద్దాల మీదుగా నీళ్లు కారి చెక్క నానుతుంది. గాలి ఆడని చోట, ముఖ్యంగా బయటి గోడకు ఆనించిన బీరువా వెనక, నల్ల బూజు మొదలవుతుంది. పిల్లవాడి స్కూలు యూనిఫాం ఎన్నిసార్లు ఉతికినా ముక్కిన వాసన వదలదు.

వీటిలో రెండు రకాలున్నాయి. బ్రాండు కంటే ముందు రకం తేల్చుకోవాలి. కంప్రెసర్ రకం ఫ్రిజ్ లాగా లోపల చల్లటి తీగచుట్ట మీద ఆవిరిని నీరుగా మారుస్తుంది. కరెంటు తక్కువ తీసుకుంటుంది, కానీ గది 15 డిగ్రీల కంటే చల్లబడితే పని మందగిస్తుంది. డెసికెంట్ రకం తేమను పీల్చే పదార్థంతో పనిచేస్తుంది. చలి గదిలోనూ బాగా లాగుతుంది, గదిని కాస్త వెచ్చబరుస్తుంది, కరెంటు మాత్రం ఎక్కువ తాగుతుంది. మా ఇల్లు 18, 20 డిగ్రీల మధ్య ఉంటుంది కనుక మేము కంప్రెసర్ రకం తీసుకున్నాం. హీటర్ లేని గదిలో పెట్టేవారు రెండోది తీసుకోవాలి.

మా యంత్రం పెట్టె మీద రోజుకు 12 లీటర్ల నీళ్లు లాగుతుందని ఉంటుంది. ఆ లెక్క సాధారణంగా 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమలో కొలిచింది. శీతాకాలపు ఇంగ్లండు ఇంట్లో అందులో సగం కూడా రాదు. యంత్రం చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు.

నేను వాడే పద్ధతి చెబుతాను. రాత్రి ఉతికిన బట్టలను చిన్న గదిలో స్టాండు మీద ఒకదానికొకటి తగలకుండా ఆరేస్తాను. కిటికీ, తలుపు మూసి, యంత్రం గాలి బట్టల వైపు వచ్చేలా పెట్టి వదిలేస్తాను. తలుపు తెరిచి ఉంచితే ఇల్లంతటి గాలినీ ఆరబెట్టే ప్రయత్నంలో బట్టలు తడిగానే మిగులుతాయి. పొద్దునకు యూనిఫాం, చొక్కాలు, పిల్లవాడి బట్టలు చక్కగా ఆరిపోతాయి. జీన్సుకూ తువ్వాళ్లకూ ఇంకో పూట కావాలి. మా యంత్రం దాదాపు 200 వాట్లది. ఆరు గంటలు నడిస్తే 1.2 యూనిట్లు, యూనిట్‌కు మేము కట్టిన 26 పెన్సు లెక్కన ముప్పై పెన్సు పైచిలుకు. పాత పద్ధతి డ్రయ్యర్ ఒక్క విడతకే నాలుగు యూనిట్లు దాటిస్తుంది, పైగా బట్టల్ని నలిపేస్తుంది.

తేమ కొలిచే చిన్న మీటరు విడిగా కొనండి. యంత్రం మీది అంకె దాని చుట్టూ ఉన్న గాలిదే. గదిలో 50 నుంచి 55 శాతం ఉంటే హాయిగా ఉంటుంది. 40 దిగితే గొంతు ఎండిపోతుంది.

అసౌకర్యాలూ ఉన్నాయి. నిద్రపోయే గదిలో ఆ చప్పుడు భరించలేం. తొట్టి చిన్నది, నిండగానే ఆగిపోతుంది కనుక పడుకునే ముందు పారబోయడం తప్పదు. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, టాయిలెట్‌లో పోయడానికి వాడతాను. ఫిల్టరుకు దుమ్ము పడితే లాగడం తగ్గుతుంది.

ఈ యంత్రం చేయలేని పని కూడా ఉంది. పైకప్పు కారుతున్నా, గొట్టం పగిలినా, నేలలోని తడి గోడలోకి ఎక్కుతున్నా ఇది ఏమీ చేయలేదు. అది యజమాని బాగుచేయించాల్సిన పని. ఇక్కడికి దగ్గర్లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో రెండేళ్ల అవాబ్ ఇషాక్ ఇంట్లోని బూజు వల్ల చనిపోయాడని 2022లో విచారణలో తేలింది. చెమ్మ, బూజులను యజమాని గడువులోగా బాగుచేయించాలంటూ ఆ పిల్లవాడి పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు నుంచి సామాజిక గృహాల్లో, అంటే కౌన్సిళ్లూ హౌసింగ్ సంస్థలూ తక్కువ అద్దెకిచ్చే ఇళ్లలో, అమలవుతోంది. మా వంటి ప్రైవేటు అద్దెదారులకు, ఇల్లు నివాసయోగ్యంగా ఉండాలనే 2018 చట్టం అండగా ఉంది. కొన్నాళ్లుండి పోయేవాళ్లం, గొడవెందుకని మనవాళ్లు ఊరుకుంటారు. దయచేసి ఊరుకోకండి. ఫోటోలు తీసి, తేదీతో ఈమెయిలు పంపండి. అయిదు వారాల అద్దె దాకా డిపాజిట్ కట్టి ఉంటారు; ఇల్లు ఖాళీ చేసే రోజున ఆ బూజు ఎవరి వల్ల వచ్చిందన్న ప్రశ్న రాక మానదు.

ఈ యంత్రానికి మాకు 150 పౌండ్లు దాటింది. ఆన్‌లైన్‌లో కొంటే చేతికందాక 14 రోజుల్లోపు వద్దనుకునే హక్కుంది. ఇల్లు మారేవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండువీ దొరుకుతాయి. వాటిని కొనేముందు అక్కడే నడిపించి, గంటలో తొట్టిలోకి నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి. కంప్రెసర్ రకాన్ని కారులో పడుకోబెట్టి తెస్తే, కొన్ని గంటలు నిలువుగా ఉంచాకే స్విచ్ వేయాలి.