పదేళ్ల పిల్లల షాట్‌కి ఏ సామాను పనికొస్తుంది: బాల్, రింగ్, స్ట్రాప్, యాప్‌ల సమీక్ష

9 నుంచి 13 ఏళ్ల పిల్లల బాస్కెట్‌బాల్ షూటింగ్ బాగుపడటానికి ఏం కొనాలా అని ఆన్‌లైన్‌లో వెతికితే బాల్ కన్నా ముందు గాడ్జెట్లే కనిపిస్తాయి. చేతికి చుట్టే స్ట్రాపులు, మోచేతి పట్టీలు, బరువు బాల్స్, రింగులో బిగించే చిన్న రింగులు, షాట్లు లెక్కపెట్టే యాప్‌లు. పిల్లల చేతిలో పెద్దవాళ్ల బాల్ (సైజ్ 7) పెట్టడం వల్ల పుట్టిన తప్పుల్ని దిద్దడానికే వీటిలో సగం అమ్ముతున్నారు. కాబట్టి బాల్‌తో మొదలుపెట్టడమే న్యాయం.

సైజ్ 7 బాల్ చుట్టుకొలత 75–77 సెం.మీ., బరువు 580–620 గ్రాములు. సైజ్ 5 చుట్టుకొలత 69–71 సెం.మీ., బరువు 470–500 గ్రాములు. మధ్యలో సైజ్ 6 ఉంది, 510–550 గ్రాములు, ఆడవాళ్ల మ్యాచుల్లో ఆడేది అదే. చాలా స్కూళ్లలో పీఈటీ గదిలో ఉండేది సైజ్ 7 ఒక్కటే. దాన్ని పదేళ్ల పిల్లాడికిస్తే ఏం చేస్తాడు? బాల్‌ని నడుము దాకా దించి, భుజం వెనక్కి తిప్పి, రెండు చేతులతో విసురుతాడు. మోచేయి పక్కకి పోతుంది, రెండో చేతి బొటనవేలు బాల్‌ని తోస్తుంది. అప్పుడు పక్కన నిలబడి "మోచేయి లోపలికి పెట్టు" అని ఎంత అరిచినా లాభం లేదు. ఆ బరువును రింగు దాకా చేర్చడానికి ఒంట్లో ఉన్న బలమంతా ఎలాగోలా కూడదీసుకుంటున్నాడంతే.

పరీక్ష తేలికే. రింగుకి మీటరున్నర దూరంలో నిలబెట్టి, ఒక్క చేత్తో, ఎగరకుండా 10 షాట్లు వేయించండి. 7 సార్లు బాల్ రింగు పై అంచు దాటి వెళ్తే ఆ బాల్ సరిపోయినట్టే. భుజం తిప్పితే తప్ప అందడం లేదంటే బాల్ తగ్గించాలి, లేదా రింగు దించాలి.

కొనేటప్పుడు ఒక మోసం లాంటిది ఉంది. నిజానికి మోసం కాదు, తెలియకపోతే అలా అవుతుంది. త్రీ ఎక్స్ త్రీ (జట్టుకి ముగ్గురితో హాఫ్ కోర్టులో ఆడే) ఆటకు వాడే బాల్ చుట్టుకొలత సైజ్ 6ది, బరువు మాత్రం సైజ్ 7ది. పిల్లలకని సైజ్ 6 అడిగి ఇది తెచ్చుకుంటే చేతికి చక్కగా పడుతుంది, మణికట్టుకి మాత్రం అదే పాత భారం. పెట్టె మీద సైజ్ ఒక్కటే కాదు, గ్రాములూ చూడండి.

సిమెంటు కోర్టులో ఆడేవాళ్లకు రబ్బరు బాలే మంచిది. వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. కాంపోజిట్ లెదర్ (కృత్రిమ తోలు) బాల్ పట్టు బాగుంటుంది గానీ గరుకు సిమెంటు మీద దాని పైపొర త్వరగా అరిగిపోతుంది, ఆ తర్వాత రబ్బరు కన్నా ఎక్కువ జారుతుంది. గాలి బాల్ మీద రాసినంతే, సాధారణంగా 7–9 పీఎస్ఐ. గేజ్ లేకపోతే బాల్ అడుగు 1.8 మీటర్ల ఎత్తులో ఉండేలా పట్టుకుని వదలండి. గెంతినప్పుడు బాల్ పైభాగం 1.3 మీటర్ల దగ్గరికి రావాలి. సూదిని తడి చేయకుండా గుచ్చితే వాల్వ్ చిరుగుతుంది. కొత్త బాల్ నెలలోపే గాలి దిగిపోతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

బాల్ తర్వాత రింగు. 12 ఏళ్ల లోపు పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌కి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫీబా పెట్టిన ఎత్తు 2.60 మీటర్లు, ఫ్రీ త్రో గీత (ఫౌల్ అయితే అడ్డు లేకుండా షాట్ వేసే గీత) బోర్డు నుంచి 4 మీటర్లు. అమెరికాలో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, జాతీయ సంఘం యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 7–8 ఏళ్లకు 8 అడుగులు, 9–11 ఏళ్లకు 9 అడుగులు, ఆ పైన 10 అడుగులు. మన దగ్గర మాత్రం ఆరో తరగతి పిల్లాడికీ, కాలేజీ టీముకీ అదే 3.05 మీటర్లు.

ఆ 45 సెంటీమీటర్ల తేడా ఎంత పని చేస్తుందో లెక్క వేసి చూడొచ్చు. బాల్ పిల్లాడి చేతిని 1.6 మీటర్ల ఎత్తులో వదిలిందనుకుందాం, రింగు 4 మీటర్ల దూరం. బాల్ 45 డిగ్రీల కోణంలో రింగులోకి దిగాలంటే 3.05 మీటర్ల రింగుకి చేతి నుంచి 60 డిగ్రీలతో లేవాలి. 2.60కి 56 చాలు. 2.3 మీటర్ల ఎత్తులో బాల్ వదిలే పెద్దవాడికైతే మామూలు రింగుకే 54 సరిపోతుంది. రింగు దించడం వల్ల బాల్‌కి ఇవ్వాల్సిన శక్తి దాదాపు పదో వంతు తగ్గుతుంది. బాల్ సైజ్ 7 నుంచి 5కి మారితే ఇంకో అయిదో వంతు. రెండూ కలిస్తే నాలుగో వంతుకు పైగా శక్తి ఆదా అవుతుంది. ఏ స్ట్రాపూ, ఏ పట్టీ ఇంత మార్పు తేలేదు.

45 డిగ్రీలే ఎందుకంటే, రింగు లోపలి వ్యాసం 45 సెం.మీ., సైజ్ 7 బాల్ వ్యాసం 24కి కాస్త ఎక్కువ. 35 డిగ్రీలతో చదునుగా వచ్చే బాల్‌కి ఆ రింగు 26 సెం.మీ. సందులాగే కనిపిస్తుంది, అంటే వేలు దూరేంత చోటు కూడా మిగలదు. 45తో వస్తే 32 సెం.మీ. తెరుచుకుంటుంది.

ఇంట్లోకి ఎత్తు మార్చుకునే స్టాండ్ కొంటే కనీసం 2.4 నుంచి 3.05 దాకా జరిగేది తీసుకోండి. 2.2 దగ్గర ఆగిపోయేవి ఏడాదికే మూలన పడతాయి. అడుగున ఉండే తొట్టెలో నీళ్ల కన్నా ఇసుక నయం, గట్టి షాట్‌కి స్టాండు ఊగదు, కారదు. బిగించాక టేపుతో నేల నుంచి రింగు పై అంచు దాకా కొలవండి. స్తంభం మీద ముద్రించిన అంకెల్ని నమ్మొద్దు.

ఇక గైడ్ హ్యాండ్ స్ట్రాప్. గైడ్ హ్యాండ్ అంటే షాట్ వేయకుండా బాల్‌కి పక్క నుంచి ఆసరా ఇచ్చే చేయి, కుడిచేతి వాళ్లకు ఎడమ చేయి. ఎడమ చేతి వేళ్లు బాల్‌ని పట్టుకోకుండా ఆపేదీ, బొటనవేలిని చూపుడువేలికి కట్టేసేదీ అని రెండు రకాలు. బొటనవేలితో బాల్‌ని తోసే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రమే ఇది మందు. అలవాటు ఉందో లేదో తెలియాలంటే బాల్ నడుం చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు ఒక వరస అంటించండి. టేపు రింగుకి ఎదురుగా నిలువుగా ఉండేలా పట్టుకుని షాట్ వేయించండి. గాల్లో ఆ గీత గీతలాగే తిరిగితే స్ట్రాప్ డబ్బులు మిగిలాయి. గీత గిరగిరా వంకరలు పోతే పక్క స్పిన్ పడుతోందని అర్థం, అది చాలామటుకు బొటనవేలి పనే.

స్ట్రాప్ వాడకంలో జరిగే తప్పు ఒక్కటే, వదలకుండా వాడటం. కట్టుకున్నంతసేపూ షాట్ తిన్నగా వెళ్తుంది, విప్పగానే మొదటికొస్తుంది. కట్టి 20, వెంటనే విప్పి 20, అదీ మీటరున్నర నుంచి రెండు మీటర్ల దూరంలోనే. మూడు వారాల్లో విప్పిన షాట్లలో గీత నిలబడకపోతే తప్పు చేతిది కాదు, మళ్లీ బాల్ బరువు దగ్గరికి వెళ్లండి. చవక రకం ఎలాస్టిక్ త్వరగా సాగుతుంది. అసలు రూపాయి బిళ్లతోనే ఈ పని సగం అవుతుంది. ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బిళ్ల పట్టుకుని షాట్ వేయమనండి, బొటనవేలు కదిలితే బిళ్ల కింద పడుతుంది.

మోచేతి పట్టీలు కొనొద్దు. మోచేయి ఎంత లోపలికి వస్తుందనేది భుజం తీరుని బట్టి ఉంటుంది. ముంజేయి నిలువుగా ఉండి, బాల్ రింగు వైపు తిన్నగా వెళ్తుంటే మోచేయి రెండు వేళ్ల మందం బయట ఉన్నా నష్టం లేదు. బలవంతంగా నొక్కిపెడితే భుజం బిగుసుకుపోతుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. బరువు బాల్‌తో షూటింగ్ కూడా ఈ వయసుకి వద్దు, షాట్ కాస్తా గుండు విసరడంలా మారుతుంది. రింగులో బిగించే చిన్న రింగులు షాట్ వేసే తీరు (ఫాం) కుదిరిన 13–14 ఏళ్ల వాళ్లకి వారానికి ఒకసారి పర్వాలేదు.

యాప్‌ల విషయానికొస్తే, 2018 సెప్టెంబర్‌లో యాపిల్ వేదిక మీద మాజీ ఎన్‌బీఏ ఆటగాడు స్టీవ్ నాష్‌తో చూపించిన హోమ్‌కోర్ట్ ఈ రకానికి బాగా తెలిసిన ఉదాహరణ. ఫోన్ కెమెరా షాట్లని లెక్కపెడుతుంది, ఎక్కడి నుంచి పడ్డాయో మ్యాప్ గీస్తుంది, రిలీజ్ కోణం (బాల్ చేతిని వదిలే కోణం), రిలీజ్ సమయం (బాల్ అందుకున్నాక వదలడానికి పట్టే సమయం) చెబుతుంది. లెక్క రాసే మనిషి పక్కన లేని పిల్లలకు ఇది మేలు. కానీ రిలీజ్ సమయం అంకెని పదేళ్ల పిల్లలకు చూపించకండి. దాన్ని తగ్గించాలని తొందరపడతారు, కాళ్లు ఒంగకుండానే చేయి విసురుతారు.

ఫాం చూడటానికి చాలా ఫోన్లలో ఉండే స్లో మోషన్ వీడియో చాలు. ఫోన్ నడుము ఎత్తులో, 3 మీటర్ల దూరంలో పెట్టండి. ముందు పక్క నుంచి 5 షాట్లు తీయండి. మోకాళ్లు లేవడం, బాల్ లేవడం కలిసి జరగాలి. మోకాళ్లు ముందే నిటారుగా అయిపోయి చేతులు తర్వాత లేస్తే కాళ్ల బలం వృథా అయినట్టే, షాట్ రింగు ముందు అంచుకి తగులుతుంది. చివర్లో మోచేయి కనుబొమ్మ కన్నా పైన ఉండాలి. తర్వాత వెనక నుంచి ఇంకో 5. బాల్ నేరుగా లేస్తోందా, తల ముందు నుంచి అడ్డంగా దాటుతోందా చూడండి. పొట్టిగా, పొడుగ్గా తప్పే షాట్లకి కంగారు అక్కర్లేదు, బలంతో పాటు సర్దుకుంటాయి. ఎడమకీ కుడికీ తప్పేవే దిద్దాల్సినవి. ఎన్‌బీఏ స్టార్ షూటర్ స్టెఫెన్ కర్రీ హైస్కూల్లో ఉండగా అతని తండ్రి డెల్ కర్రీ రిలీజ్‌ని నడుము దగ్గరి నుంచి తల పైకి మార్పించినప్పుడు ఒక వేసవంతా పట్టింది. టోర్నమెంట్ల మధ్య ఇలాంటి మార్పు పెట్టుకోవద్దు, వేసవి సెలవులే సరైన సమయం.

షాట్ ఎంచుకోవడం దగ్గర మాత్రం యాప్ చేతులెత్తేస్తుంది. ఒంటరిగా వేసే షాట్లలో డిఫెండర్ ఉండడు, పాస్ అడిగే తోటివాడూ ఉండడు. దీనికి కావలసింది ఒక అట్ట, దాని మీద హాఫ్ కోర్టు బొమ్మ గీసిన కాగితం, రెండు రంగుల పెన్నులు. మ్యాచ్‌లో ప్రతి షాట్‌కీ నిలబడిన చోట గుర్తు పెట్టాలి, పడితే సున్నా, తప్పితే ఇంటూ. డిఫెండర్ చేయి చాపితే అందేంత దగ్గర ఉంటే ఎరుపు, లేకపోతే నీలం. పాదాలు కుదరకుండా వేసిన షాట్ల కింద చిన్న గీత.

నాలుగు మ్యాచ్‌ల కాగితాలు పరిస్తే బొమ్మ దానంతటదే మాట్లాడుతుంది. ఉదాహరణకు 100 లేఅప్‌లలో (పరుగెత్తుతూ వెళ్లి రింగు దగ్గర నుంచి వేసే షాట్లు) 55 పడితే 110 పాయింట్లు. ఫ్రీ త్రో గీత పక్క నుంచి 100లో 35 పడితే 70. 6.75 మీటర్ల త్రీ (మూడు పాయింట్ల షాట్) 100లో 20 పడితే 60 మాత్రమే. లేఅప్‌కి వెళ్లినప్పుడు వచ్చే ఫౌల్స్ ఈ లెక్కలో లేనే లేవు. పిల్లాడికి "త్రీలు వేయొద్దు" అని చెబితే మొహం ముడుచుకుంటాడు, ఈ మూడు అంకెలు చూపిస్తే తనే లెక్క వేసుకుంటాడు. ఖాళీ కోర్టులో 10లో 6 పడని చోటు నుంచి మ్యాచ్‌లో వేయకూడదన్న షరతు ఒక్కటి పెట్టండి, చోట్లు మాత్రం అతన్నే గుర్తించనివ్వండి. నెలకోసారి మళ్లీ పరీక్షించి, కొత్తగా గెలుచుకున్న చోటుని అదే కాగితం మీద చేర్చాలి.

చివరిగా అయస్కాంతపు కోచింగ్ బోర్డులు. టీముకి కొనేదైతే పెద్దది తీసుకోండి, నాణెమంత బిళ్లలున్నవి. చిన్న బోర్డులో బిళ్లలు రెండో వారానికే మాయమవుతాయి, ఆ తర్వాత సీసా మూతలతోనే పని నడపాలి.