కొత్తింటి తలుపుల కింద సందుకి ఆటోమేటిక్ డోర్ సీల్: వాడాక నా రివ్యూ

కొత్తింట్లో దిగగానే అందరూ రంగులు, టైల్స్ చూస్తారు గానీ తలుపుల కింద సందు ఎవరికీ కనపడదు. రాత్రి లైట్లు ఆర్పి పడుకున్నాక హాల్లో ఎవరో లైటు వేస్తే బెడ్‌రూమ్ నేల మీద పొడుగ్గా వెలుగు పట్టీ పడుతుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది. ఆ తర్వాత టీవీ మాటలు, వంటింట్లో మిక్సీ, ఏసీ చల్లదనం బయటికి పోవడం అన్నీ ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మా బెడ్‌రూమ్ తలుపు కింద కొలిస్తే గొళ్ళెం వైపు 20 మిల్లీమీటర్లు, హింజెస్ వైపు 14. స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే తలుపు సరిగ్గానే ఉంది, నేలే వాలుగా ఉంది. బిల్డర్ని అడిగితే "అన్ని ఇళ్ళల్లో అంతే అండీ, తలుపు ఉబ్బితే రాసుకోకుండా వదులుతాం" అన్నాడు. అందులో కొంత నిజం ఉంది, చెక్క తేమకి ఉబ్బుతుంది, కొంచెం సందు ఉండాల్సిందే. కానీ 900 మిల్లీమీటర్ల వెడల్పు తలుపు కింద 20 మిల్లీమీటర్లు ఖాళీ అంటే లెక్కేస్తే 180 చదరపు సెంటీమీటర్లు, అంటే తలుపులో 13 సెంటీమీటర్ల పైన పొడుగూ వెడల్పూ ఉన్న చదరపు కంత పెట్టినట్టే. మొత్తం తలుపులో అది ఒక శాతమే, అయినా ఒక శాతం తెరిచి ఉంటే తలుపు ఎంత మందంగా ఉన్నా శబ్దం దాదాపు 20 డెసిబెల్స్‌కి మించి తగ్గదు, అందుకే బరువైన టేకు తలుపు పెట్టినా మాటలు వినపడతాయి.

ముందు అందరూ కొనేది గుడ్డ తొడుగులో రెండు ఫోమ్ రోల్స్ ఉండేది, తలుపు కిందకి దూర్చేస్తే చాలు. వెలుతురు ఆపుతుంది, బొద్దింకల్ని ఆపుతుంది, కానీ తలుపుతో పాటు నేల మీద ఈడ్చుకుంటూ తిరుగుతుంది కాబట్టి దుమ్మూ వెంట్రుకలూ అంతా దానికే అంటుకుంటాయి, తడి నేల మీదైతే అస్సలు వద్దు. అంటించే సిలికాన్ పట్టీ ఇంకొంచెం నయం, కాకపోతే అంటించే చోట దుమ్ము పూర్తిగా తుడవకపోతే మూలల్లో లేచిపోతుంది, పైగా మాలాగా నేల వాలు ఉంటే ఒక పక్క గట్టిగా రాసుకుంటుంది, ఇంకో పక్క గాలిలో వేలాడుతుంది.

నేను ఉంచుకున్నది ఆటోమేటిక్ డ్రాప్ సీల్. అల్యూమినియం చానెల్, లోపల స్ప్రింగు, కింద రబ్బరు. హింజెస్ వైపు చిన్న బటన్ ఉంటుంది, తలుపు మూసినప్పుడు అది ఫ్రేమ్‌కి ఒత్తుకుని రబ్బరుని కిందకి దింపుతుంది, తెరవగానే రబ్బరు పైకి లేచిపోతుంది, నేలకి ఎక్కడా రాసుకోదు. దగ్గరగా కూర్చుని చూస్తే ముందు హింజెస్ వైపు దిగి, ఆ తర్వాత గొళ్ళెం వైపు నేలని వెతుక్కుంటూ వాలుతుంది, మా 6 మిల్లీమీటర్ల తేడాని అలాగే కప్పేసింది. బటన్‌ని స్క్రూలాగా తిప్పితే ఎంత దిగాలో మార్చుకోవచ్చు, ఒక కాగితం ముక్క రబ్బరు కింద పెట్టి తలుపు మూసి లాగండి, అన్ని చోట్లా కొంచెం పట్టుకుంటే సెట్ అయినట్టు. మరీ గట్టిగా పెడితే తలుపు పూర్తిగా పడదు, తోస్తూనే ఉండాలి.

తలుపు అడుగున గాడి కొట్టి పెట్టే రకం కనపడదు, అందంగా ఉంటుంది, కానీ దానికి తలుపు దింపాలి, కార్పెంటర్ కావాలి. నేను తలుపు మీద స్క్రూలతో బిగించే రకం తీసుకున్నాను. కొనే ముందు ఎంతవరకు దిగుతుందో, ఎంతవరకు కోసుకోవచ్చో ప్యాకెట్ మీద తప్పకుండా చూడండి, లోపల కడ్డీ ఉంటుంది కాబట్టి ఇష్టమొచ్చినంత కోయడం కుదరదు. ఇంకోటి, తలుపు మూసిన చోట మాత్రమే కాకుండా తిరిగే దారంతా సందు కొలవండి, గది లోపలికి నేల ఎత్తు పెరిగితే చానెల్ అక్కడ తగులుకుంటుంది.

ఫలితం? వెలుగు పట్టీ పోయింది, దుమ్ము బాగా తగ్గింది, టీవీ మాటలు అర్థం కాని గొణుగుడు అయ్యాయి. పూర్తి నిశ్శబ్దం మాత్రం రాదు, ఎందుకంటే పక్కల్లో పైన కూడా ఫ్రేమ్‌కీ తలుపుకీ మధ్య సందు ఉంటుంది, అక్కడ రబ్బరు బీడింగ్ కూడా వేస్తేనే పని అవుతుంది.

ఇక దయచేసి అన్ని తలుపులకీ పెట్టకండి. బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అది లాగే గాలి ఈ సందులోంచే రావాలి, మూసేస్తే ఫ్యాన్ తిరుగుతుంది గానీ తేమ పోదు. బ్రిటన్ నిబంధనల్లో అయితే లోపలి తలుపుల కింద 10 మిల్లీమీటర్లు గాలి కోసమే వదలమంటారు. ఇల్లంతటికీ ఒకే సెంట్రల్ ఏసీ ఉండి గాలి వెనక్కి హాల్లోంచే వెళ్ళేట్టయితే బెడ్‌రూమ్ తలుపుల కింద సందు కూడా మూయొద్దు. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్ తలుపు జోలికి మాత్రం అస్సలు వెళ్ళొద్దు, గాలి చాలక గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది, దానికి వాసన ఉండదు, ప్రాణం పోతుంది.

బెడ్‌రూమ్‌కి, చదువుకునే గదికి అయితే ఐదుకి నాలుగు ఇస్తాను. ఒక మార్కు తగ్గించింది బిగించే కాగితంలో బొమ్మలు మరీ చిన్నవిగా ఉన్నందుకు, స్క్రూలు చెక్కలో సరిగ్గా దిగనందుకు, వాటి బదులు మంచివి విడిగా కొనుక్కోండి.