కాయితం మీద ట్రాఫిక్ కేసు: కాలిఫోర్నియా రిటెన్ డిక్లరేషన్ వాడి చూశాక నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కింద వస్తుంది.

కాలిఫోర్నియాలో ట్రాఫిక్ టికెట్ వస్తే మనవాళ్ళు చేసేది సాధారణంగా రెండే, తిట్టుకుంటూ డబ్బు కట్టేసి ట్రాఫిక్ స్కూల్ అనే డ్రైవింగ్ క్లాసు పూర్తి చేసుకోవడం, లేదంటే వాట్సాప్ గ్రూపులో "టికెట్ లాయర్ ఎవరైనా తెలుసా" అని మెసేజ్ పెట్టడం. మూడో దారి ఒకటుంది, దాని పేరు ట్రయల్ బై రిటెన్ డిక్లరేషన్, వెహికల్ కోడ్ 40902 సెక్షన్ కింద ఇచ్చారు. ఆఫీసుకి సెలవు పెట్టక్కర్లేదు, కోర్టు మెట్లు ఎక్కక్కర్లేదు, టీఆర్-205 అనే ఫారం నింపి మీ వాదన రాసి పంపిస్తే చాలు, టికెట్ రాసిన ఆఫీసర్ కూడా తన వైపు సంగతి రాసి పంపాలి, జడ్జి రెండూ చదివి తీర్పు పోస్టులో పంపిస్తారు. ఓడిపోతే? తీర్పు మెయిల్ చేసిన తేదీ నుంచి 20 రోజుల్లోపు టీఆర్-220 వేస్తే ఆ మొదటి తీర్పు పక్కకి పోయి కోర్టులో మళ్ళీ మొదట్నుంచి ట్రయల్ పెడతారు. అంటే ఒకే టికెట్ మీద రెండు ఛాన్సులు, దానికి వేరే ఫీజు కూడా లేదు. ఈ ఒక్క కారణానికే నాలుగు స్టార్లు ఇచ్చా నేను.

కానీ ఫారం నింపే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది, అసలు టికెట్ చదవాలి. నవ్వకండి, నిజంగా చాలామంది చదవరు. ఎంత స్పీడులో వెళ్ళాం, ఎంత ఫైన్ పడుతుంది, ఎప్పటిలోగా కట్టాలి, ఇవి చూసి మడిచి గ్లవ్ బాక్సులో పడేస్తారు. టికెట్ మీద సెక్షన్ నెంబర్ ఒకటి రాసి ఉంటుంది, మీ కేసు మొత్తం ఆ నెంబర్లోనే ఉంది. (టికెట్ మీద సంతకం పెట్టాం కదా, తప్పు ఒప్పుకున్నట్టేగా అని అడిగేవాళ్ళు ఉంటారు, కాదు. వస్తానని మాట ఇచ్చినట్టు, అంతే.)

నాకొచ్చింది 22350. దీన్ని బేసిక్ స్పీడ్ లా అంటారు. బోర్డు మీద గంటకి 40 మైళ్ళు అని ఉండి మీరు 52లో వెళ్ళినా కూడా ఆటోమేటిగ్గా దోషి అనడానికి లేదు, ఆ టైములో రోడ్డు, వెలుతురు, ట్రాఫిక్, వాతావరణం చూసుకుంటే ఆ స్పీడు సేఫే అని మీరు సాక్ష్యంతో చూపించగలిగితే వాదనకి చోటుంది, 22351లో ఆ మాట ఉంది. అదే ఫ్రీవే మీద 65 దాటినందుకు రాసే 22349 అయితే ఈ కథ ఏదీ నడవదు, అది గరిష్ట పరిమితి, ట్రాఫిక్ ఖాళీగా ఉంది, ఎండగా ఉంది అని ఎంత రాసినా జడ్జి పట్టించుకోరు. మా బావ నా దగ్గరున్న కాయితం చూసి అదే వాదన తన 22349 టికెట్‌కి దించేశాడు, కాయితం మీదా ఓడాడు, కోర్టులోనూ ఓడాడు, ఇప్పటికీ ఈ పద్ధతే వేస్ట్ అంటాడు. పద్ధతిది ఏం తప్పు బావా, నెంబర్ వేరు కదా.

22350లో ఇంకో మంచి పాయింట్ ఉంది, రాడార్‌తోనో లైడార్‌తోనో (స్పీడు కొలిచే మెషిన్లు) పట్టుకుంటే. కాలిఫోర్నియాలో స్పీడ్ ట్రాప్ చట్టం అని 40802 సెక్షన్ ఉంది, దాని ప్రకారం ఒక రోడ్డు మీద పెట్టిన స్పీడ్ లిమిట్‌కి ఇంజనీరింగ్ అండ్ ట్రాఫిక్ సర్వే (ఆ రోడ్డు మీద బండ్లు ఎంత స్పీడులో వెళ్తున్నాయో కొలిచి చూసే లెక్క) ఆధారం ఉండాలి, ఆ సర్వే మామూలుగా 5 ఏళ్ళ లోపుది అయ్యుండాలి. ఆఫీసర్‌కి రాడార్ ట్రైనింగ్ ఉండి మెషిన్ సరిగ్గా క్యాలిబ్రేట్ చేసి ఉంటే 7 ఏళ్ళ దాకా, ఇంకొన్ని షరతులు తీరితే అంతకన్నా పాత సర్వే కూడా చెల్లుతుంది. సర్వే లేకపోయినా, పాతబడిపోయినా ఆ రాడార్ రీడింగ్ సాక్ష్యంగా పనికిరాదు, స్పీడ్ ట్రాప్ అంటే అదే. పైగా ఇది స్పీడ్ ట్రాప్ కాదు అని చూపించాల్సిన బాధ్యత మనది కాదు, ప్రభుత్వం వైపుది. చిన్న లోకల్ స్ట్రీట్లకీ, స్కూల్ జోన్లకీ ఈ రక్షణ లేదు, అది గుర్తుపెట్టుకోండి, నాలుగు లేన్ల పెద్ద రోడ్డు మీదైతే కచ్చితంగా చూడాల్సిన విషయం.

సర్వే ఎక్కడ దొరుకుతుందంటే ఆ ఊరి సిటీ ట్రాఫిక్ ఇంజనీరింగ్ వాళ్ళని పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ కింద ఈమెయిల్లో అడగడమే, ఇస్తారో లేదో 10 రోజుల్లో చెప్పాలని రూల్. ఏ రోడ్డు, ఏ క్రాస్ నుంచి ఏ క్రాస్ దాకా అని స్పష్టంగా రాస్తే త్వరగా పంపిస్తారు, ఊరికే "నా టికెట్ గురించి డాక్యుమెంట్లన్నీ ఇవ్వండి" అంటే తిప్పుతారు.

నేను డిక్లరేషన్లో పెద్ద కథ రాయలా. రోడ్డు ఎన్ని లేన్లు, మధ్యలో డివైడర్ ఉందా, ముందు వెనక ఎవరున్నారు, పొడిగా ఉందా, అప్పటికి టైమెంత, తర్వాత సర్వే గురించి ఒక పేరా, నాలుగు ఫొటోలు, అంతే. "నేను ఎప్పుడూ జాగ్రత్తగా నడుపుతా, పిల్లల్ని తీసుకురావడానికి వెళ్తున్నా, ఇది నా మొదటి టికెట్" లాంటివి పూర్తిగా తీసేశా. ఆ మాటలు ఫైన్ తగ్గించమని అడిగేటప్పుడు పనికొస్తాయేమో గానీ దోషివా కాదా తేల్చడానికి పనికిరావు. ఇంకోటి, ఈ డిక్లరేషన్ ప్రమాణం చేసి సంతకం పెట్టేది, అబద్ధం రాస్తే టికెట్ కన్నా పెద్ద తలనొప్పి. కాబట్టి "నేను 40లోనే వెళ్తున్నా" అని ఊరికే రాయకండి. స్పీడ్ గురించి అసలు ఏమీ ఒప్పుకోకుండా కూడా పైవన్నీ రాయొచ్చు.

ఫలితం? కాయితం మీద ఓడిపోయా. తీర్పులో కారణం ఏమీ లేదు, గిల్టీ అని ఒక టిక్కు, దాని పక్కన కట్టాల్సిన మొత్తం. సర్వే గురించి నేను రాసిన పేరా చదివారో లేదో కూడా తెలీదు. ఒక స్టార్ కోసింది దీనికే. మనం అంత రాసి పంపితే ఒక్క లైను కారణం రాయొచ్చుగా.

వెంటనే టీఆర్-220 వేశా. కొత్త ట్రయల్‌కి ఆఫీసర్ వచ్చాడు, ఆఫీసర్ రాడు, డిస్మిస్ అయిపోతుంది అని యూట్యూబ్‌లో చెప్పేదాని మీద ఆశ పెట్టుకోకండి, మా కోర్టులో ఆరోజు పిలిచిన చాలా కేసులకి ఆఫీసర్లు వచ్చే ఉన్నారు. ఆయన రాడార్ గురించి, ట్రైనింగ్ గురించి గడగడా చెప్పేశాడు. నా వంతు వచ్చాక ఒకటే అడిగా, ఈ రోడ్డుకి సర్వే ఏదండీ అని. ఆయన తెచ్చుకోలేదు, కోర్టు దగ్గరున్న కాపీ చూస్తే గడువు దాటిపోయినది. జడ్జి రెండు నిమిషాలు కాయితాలు తిరగేసి డిస్మిస్ అన్నారు. కాయితం మీద పట్టించుకోని పాయింటే మనిషి ఎదురుగా నిలబడి అడిగితే పనిచేసింది, అదీ తేడా. కాయితం మీద ఆఫీసర్ని ఎదురు ప్రశ్న వేసే హక్కు మీరే వదులుకుంటారు, ఫారంలో ఆ మాట ఉంటుంది, చదివి సంతకం పెట్టండి. కాలిఫోర్నియాలో చిన్న ట్రాఫిక్ ఇన్‌ఫ్రాక్షన్‌కి (జైలు లేకుండా ఫైన్ మాత్రమే పడే తప్పు) కూడా సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సిందే, జ్యూరీ మాత్రం ఉండదు, ప్రభుత్వం లాయర్ని కూడా ఇవ్వదు.

డబ్బు సంగతికొస్తే ఇక్కడ కాస్త నొప్పి ఉంది. రిటెన్ డిక్లరేషన్ వేయాలంటే మామూలుగా ఫైన్ మొత్తం బెయిల్ కింద ముందే కట్టాలి, గెలిస్తే వెనక్కిస్తారు. 15 మైళ్ళ లోపు ఎక్కువ స్పీడుకి బేస్ ఫైన్ 35 డాలర్లే, 16 నుంచి 25 అయితే 70, 26 దాటితే 100. అబ్బ ఇంతేనా అనుకుంటాం, దాని మీద రాష్ట్రం అసెస్‌మెంట్, కౌంటీ అసెస్‌మెంట్, కోర్టు కన్‌స్ట్రక్షన్, డీఎన్ఏ ఫండ్, ఏవేవో కలిపి ఆ 35 కాస్తా రెండొందలు దాటేస్తుంది. పెళ్ళి భోజనం బిల్లులో ప్లేటు రేటు ఒకటి చెప్పి చివర్లో కుర్చీలు, కరెంటు, శుభ్రం అన్నీ కలిపినట్టు. ఒకేసారి కట్టలేనివాళ్ళకి మైసైటేషన్స్ అని రాష్ట్రం పెట్టిన ఆన్‌లైన్ టూల్ ఉంది, ఆదాయం తక్కువుంటే సగం దాకా, అంతకన్నా ఎక్కువ కూడా తగ్గించమనొచ్చు, వాయిదాలు అడగొచ్చు. స్టూడెంట్లకి ఇది చాలామందికి తెలీదు. నాకు డిస్మిస్ అయ్యాక చెక్ పోస్టులో వచ్చింది, చాలా ఆలస్యంగా.

ట్రాఫిక్ స్కూల్‌తో పోల్చి చూసుకోవాలి, అది ముఖ్యం. 18 నెలల్లో ఒక్కసారి ట్రాఫిక్ స్కూల్ చేసుకుంటే ఫైన్ కట్టాలి గానీ, టికెట్ వల్ల డ్రైవింగ్ రికార్డు మీద పడే పాయింట్ ఇన్సూరెన్స్ కంపెనీకి కనపడదు. లేకపోతే ఒక పాయింట్ 3 ఏళ్ళు రికార్డులో కూర్చుంటుంది, ఇన్సూరెన్స్ పెరిగేది ఫైన్ కన్నా ఎక్కువే అవ్వొచ్చు. కాయితం మీద పోరాడి ఓడిపోయాక ట్రాఫిక్ స్కూల్ ఇస్తారా అంటే అది జడ్జి ఇష్టం, కాబట్టి డిక్లరేషన్ చివర్లోనే "ఒకవేళ దోషిగా తేల్చినా ట్రాఫిక్ స్కూల్‌కి అనుమతి ఇవ్వగలరు" అని ఒక లైను రాయండి. లిమిట్ మీద 25 మైళ్ళకన్నా ఎక్కువ అయితే క్లర్క్ దగ్గర ఆ ఆప్షనే రాదు, జడ్జినే అడుక్కోవాలి. మీ దగ్గర గట్టి పాయింట్ ఏదీ లేదు, ట్రాఫిక్ స్కూల్ ఛాన్సు మిగిలుంది అంటే నా మాట విని అదే తీసుకోండి.

ఆన్‌లైన్లో అమ్మే "టికెట్ కొట్టేస్తాం" కిట్లు కూడా చూశా, ఒకటి కొని చూసిన ఫ్రెండ్ పంపాడు. ఏ సెక్షన్ అని కూడా అడగరు, అదే పేరా అందరికీ, రోడ్డు పేరు మాత్రం మార్చి ఇస్తారు. దానికి 1 స్టార్ కూడా ఎక్కువే. లాయర్ వేరే సంగతి, ఇన్‌ఫ్రాక్షన్ కేసుల్లో మీ బదులు ఆయనే వెళ్ళొచ్చు, కమర్షియల్ లైసెన్స్ మీద బతికేవాళ్ళైతే, రికార్డులో ఇప్పటికే పాయింట్లు ఉన్నవాళ్ళైతే ఆ ఖర్చు పెట్టాల్సిందే.

ఫోన్ టికెట్ల వాళ్ళు ఒకటి గమనించాలి. మాట్లాడలేదు, మ్యాప్ చూశా అంతే అనే వాదన కొన్నాళ్ళు నడిచింది, 2025 జూన్‌లో కాలిఫోర్నియా అప్పీల్ కోర్టు దాన్ని మూసేసింది, నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని మ్యాప్ చూసినా 23123.5 సెక్షన్ కింద తప్పే అని. బల్బు పోయింది, రిజిస్ట్రేషన్ కాయితం లేదు లాంటి ఫిక్స్-ఇట్ టికెట్లకి ఇదంతా అక్కర్లేదు, సరిచేసి సంతకం చేయించుకుని 25 డాలర్లు కట్టేస్తే అయిపోతుంది.

వేరే రాష్ట్రాల వాళ్ళు ఇది చదివి ఆవేశపడొద్దు. న్యూయార్క్ సిటీలో ట్రాఫిక్ వయొలేషన్స్ బ్యూరో అని వేరే వ్యవస్థ, అక్కడ చిన్న తప్పు ఒప్పుకుంటా, పెద్దది వదిలేయండి లాంటి బేరాలే ఉండవు, రుజువు ప్రమాణం కూడా తక్కువ. వర్జీనియాలో అయితే లిమిట్ మీద 20 మైళ్ళు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వెళ్ళినా, మొత్తంగా 85 దాటినా రెక్లెస్ డ్రైవింగ్, అది టికెట్ కాదు, క్లాస్ 1 మిస్‌డిమీనర్ అనే క్రిమినల్ నేరం, 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా ఫైన్ రాసుంది చట్టంలో. వీసా మీద ఉన్నవాళ్ళు అక్కడ సొంత వైద్యం చేసుకోకుండా లాయర్ దగ్గరికి వెళ్ళండి.

వీసా అన్నాక సిటిజెన్‌షిప్ కూడా అడుగుతారు ఎలాగూ. సిటిజెన్‌షిప్ దరఖాస్తు ఫారం ఎన్-400లో సైటేషన్ల (అంటే ఇలాంటి టికెట్ల) గురించి అడుగుతారు, దాచకండి, కానీ అరెస్టు లేకుండా ఫైన్ 500 డాలర్ల లోపు ఉండి మందు, డ్రగ్స్ సంబంధం లేకపోతే కాయితాలు జతచేయక్కర్లేదని ఆ ఫారం సూచనల్లోనే ఉంది. డిస్మిస్ అయిన ఆర్డర్ కాపీ అయినా ఒకటి స్కాన్ చేసి పెట్టుకోండి.

ఇంకా, టికెట్ మీద డేట్ దాటనివ్వద్దు. కోర్టు నుంచి నోటీసు రాలేదు అనేది సాకు కింద చెల్లదు, దాటితే 100 డాలర్ల దాకా సివిల్ అసెస్‌మెంట్ అనే అదనపు జరిమానా, పైగా హాజరు కానందుకు వేరే కేసు. టైం కావాలంటే ముందే ఎక్స్‌టెన్షన్ అడిగితే ఇస్తారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పేరు మీద టికెట్ అయితే కాయితం దారి కన్నా కోర్టు దారే నయం, డిక్లరేషన్ ఇంగ్లీషులో రాయాలి, కోర్టులో అయితే ముందుగా అడిగితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఉచితంగానే ఏర్పాటు చేస్తారు, కాకపోతే తెలుగుకి మనిషి దొరకడానికి వాయిదా పడొచ్చు, వాళ్ళ రిటర్న్ టికెట్ తేదీ చూసుకుని అడగండి.