డేటా రెండోసారి చదవాలంటే: సీకా, అర్రేనా?

పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్క్రిప్టు అడుగున డేటా గుర్తు (ప్రోగ్రాము ఇక్కడితో అయిపోయింది, కింద ఉన్నది సమాచారం అని చెప్పే __DATA__ లైను) పెట్టి, దాని కింద హైదరాబాద్ మెట్రో స్టేషన్లు రాసుకున్నామనుకోండి: నాగోల్, ఉప్పల్... అలా రాయదుర్గం దాకా. మొదటి లూప్‌లో అన్నీ వస్తాయి. రెండో లూప్‌లో ఒక్కటీ రాదు, ఫైలు చివరికి చేరిపోయాం కదా.

సీక్‌తో, అంటే ఫైల్లో చదివే స్థానాన్ని మార్చే ఆదేశంతో, సున్నాకి వెళ్తే సరిపోతుందనిపిస్తుంది. తిరకాసంతా అక్కడే. ఆ లైన్లను మనం చదివేది డేటా హ్యాండిల్ ద్వారా. హ్యాండిల్ అంటే తెరిచిన ఫైలుకు పెర్ల్ ఇచ్చే పిడి లాంటిది. ఇక్కడ ఆ ఫైలు స్క్రిప్టు ఫైలే. ప్రోగ్రామును చదువుతూ వచ్చిన పెర్ల్ ఆ గుర్తు దగ్గర ఆగి, అదే హ్యాండిల్‌ను తెరిచి ఉంచుతుంది. కాబట్టి సున్నా అంటే స్క్రిప్టు మొదటి లైను. నాగోల్ రావాల్సిన చోట, స్క్రిప్టు మొదట్లో రాసుకునే ‘యూజ్ స్ట్రిక్ట్’ ప్రింటవుతుంది! అసలు పద్ధతేమిటంటే, ఒక్క లైను కూడా చదవకముందే, ఫైల్లో ఎక్కడున్నామో చెప్పే టెల్‌తో స్థానం దాచుకోవాలి, తర్వాత సీక్‌తో అక్కడికే రావాలి. ఎన్నో లైనులో ఉన్నామో పెర్ల్ లెక్కపెట్టే లైను నంబరు మాత్రం దానంతటది వెనక్కి రాదు, మనమే సున్నా చేసుకోవాలి.

అర్రే (మెమరీలో వరుసగా ఉంచుకునే జాబితా) అయితే ఈ టెన్షన్ లేదు. ఒకేసారి అన్ని లైన్లూ అందులోకి లాగేసి, ఎన్నిసార్లైనా తిప్పుకోవచ్చు. మెమరీ ఎక్కువ తీసుకుంటుందంటారు, నిజమే. కానీ స్క్రిప్టులోనే పెట్టుకునే డేటా ఎంతుంటుంది చెప్పండి? నా ఓటు అర్రేకే.

పైగా స్క్రిప్టును పైపు ద్వారా, అంటే ఫైలుగా కాకుండా మరో ప్రోగ్రాము నుంచి నేరుగా, పెర్ల్‌కు పంపిస్తే సీక్ పనిచేయదు. అర్రే అక్కడ కూడా నడుస్తుంది.